హోటల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు

అమెరికాలో తెలుగు సంఘం జరిపే సంబరాలకు వెళ్లొచ్చిన ఏ కుటుంబాన్నైనా ఎలా జరిగిందని అడిగి చూడండి. పాటల గురించి, భోజనాల గురించి రెండు మాటలు చెప్పి, మూడో మాటకల్లా హోటల్ మీదికి వస్తారు. గది సాయంత్రం నాలుగింటికి గానీ ఇవ్వలేదని, బుక్ చేసినప్పుడు చూసిన రేటుకీ చివర్లో కట్టిన బిల్లుకీ పొంతనే లేదని, బాత్‌రూమ్‌లో అత్తగారు కాస్తలో పడిపోయేవారని చెబుతారు. వినేవాళ్లు కూడా "హోటళ్లన్నాక అంతేలెండి" అని ఊరుకుంటారు. అలా ఊరుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఒంటరిగా వెళ్లే ప్రయాణికుడికి ఈ ఇబ్బందులు తప్పకపోవచ్చు. వందల గదులు ఒక్కసారిగా తీసుకునే సంఘానికి మాత్రం వీటిలో చాలావాటిని ముందే తప్పించే అవకాశం ఉంది. ఆ అవకాశాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు.

ముందు డబ్బు సంగతి. రిసార్ట్ ఫీజు, డెస్టినేషన్ ఫీజు, అమెనిటీ ఫీజు అని ఊరికో పేరుతో రోజువారీ రుసుము ఒకటి ఉంటుంది. వైఫైకి, జిమ్‌కి, స్విమ్మింగ్ పూల్‌కి అంటారు. పూల్ వైపు తొంగి చూడకపోయినా కట్టాల్సిందే. వెబ్‌సైట్‌లో ఒక రేటు చూపించి, కార్డు నంబరు కొట్టే చివరి పేజీలో దీన్ని కలిపేవారు. ఇది మోసపుచ్చే పద్ధతి కావచ్చని, వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 నవంబరులోనే 22 హోటల్ సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. అసలు నిబంధన రావడానికి మాత్రం పన్నెండేళ్లు పైనే పట్టింది. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి, దేశమంతటా 2025 మే 12 నుంచి, తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే హోటళ్లు మొదటి నుంచీ చూపించాలి.

ఇక ఆ ఫీజులు పోయాయని చాలామంది అనుకుంటున్నారు. పోలేదు. ఈ నిబంధన ఫీజును దాచొద్దని చెప్పింది కానీ వసూలు చేయొద్దని చెప్పలేదు. ప్రభుత్వ పన్నులు తర్వాత కలపొచ్చు. కారు పెట్టుకోవడం మన ఇష్టం కాబట్టి పార్కింగ్ దీని కిందికి రాదు. డౌన్‌టౌన్ కన్వెన్షన్ హోటల్లో మూడు రాత్రులు కారు పెడితే ఎంతవుతుందో పిల్లలతో డ్రైవ్ చేసుకుని వచ్చిన వాళ్లకి బాగా తెలుసు.

దీనికి తోడు కార్డు మీద హోల్డ్. చెక్ఇన్ అప్పుడు గది అద్దె కాక, రోజుకి యాభయ్యో వందో డాలర్లు పక్కన పెట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకి ఇది పట్టదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, డెబిట్ కార్డుతో వచ్చే పెద్దవాళ్లు ఉన్నారు చూడండి, ఇబ్బందంతా వాళ్లది. రోజుకి వంద చొప్పున మూడు రాత్రులకి మూడు వందల డాలర్లు ఖాతాలో ఉండి కూడా చేతికి రావు. గది ఖాళీ చేశాక బ్యాంకు వాటిని వదలడానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు. ఈలోగా ఇంటి అద్దె చెక్కు వెళ్తే ఆ టెన్షన్ ఎవరు పడాలి? ఈ మాట హోటల్ వాళ్లు కౌంటర్ దగ్గర చెబుతారు. అప్పటికే వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు.

గది ఇచ్చే వేళ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఒక పెద్ద హోటల్ లాబీలో నేను చూసిన కుటుంబం ఇప్పటికీ గుర్తుంది. రాత్రి విమానం ఎక్కి పొద్దున దిగారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ పట్టుచీరలోనే సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నారు, ఒళ్లో ఇన్సులిన్ పెన్నులున్న చిన్న ఐస్ సంచి. "కాస్త నడుం వాల్చడానికి ఏదైనా గది ఉందేమో అడగమ్మా" అన్నారు. కూతురు అప్పటికే అడిగి వచ్చింది. "నాలుగింటిదాకా ఇవ్వరటమ్మా." అదే లాబీలో, లిఫ్టు పక్కనే, సంఘం రిజిస్ట్రేషన్ టేబుల్ ఉంది. అక్కడ బ్యాడ్జీలు, భోజనం కూపన్లు, సంచులు అన్నీ ఉన్నాయి. ఒక పెద్దావిడ గంటసేపు వెన్ను వాల్చే చోటు మాత్రం లేదు.

హోటల్ వైపు నుంచీ చూడాలి. పదకొండింటికి జనం ఖాళీ చేస్తారు. ఒక్కో హౌస్‌కీపింగ్ మనిషి పదీ పదిహేను గదులు దులిపి, దుప్పట్లు మార్చి, బాత్‌రూములు కడగాలి. నాలుగింటికల్లా గది సిద్ధం చేయడమంటే వాళ్లకి పరుగే. కౌంటర్ వెనకున్న అమ్మాయికి చెక్ఇన్ టైము మార్చే అధికారం ఉండదు, ఆమె మీద అరిచి లాభం లేదు. అందుకే ఈ సంగతి ఆరోజు కాదు, ఏడాది ముందు, కాంట్రాక్టు రాసుకునేటప్పుడు మాట్లాడాలి అంటున్నాను.

ఇప్పుడు బాత్‌రూమ్. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే మిగతావాటితో పోయేది డబ్బు, దీంతో విరిగేది ఎముక. పాతకాలపు హోటల్ గదుల్లో స్నానమంటే టబ్బే. దాని అంచు మోకాలి దాకా ఉంటుంది. ఊళ్లో నేల మీద నిలబడి బకెట్టూ చెంబుతో స్నానం చేసిన మనిషి, మోకాళ్ల నొప్పులతో ఒక కాలు ఎత్తి అవతల పెట్టాలి. అవతల నున్నటి తెల్లటి గచ్చు, దాని మీద సబ్బు నీళ్లు. పట్టుకోవడానికి తువాలు తగిలించే కడ్డీ తప్ప ఏమీ ఉండదు, అది మనిషి బరువు ఆపడానికి బిగించింది కాదు. షవర్ మీటకి ఒక్కటే పిడి. లాగితే నీళ్లు, తిప్పితే వేడి, ఎటు తిప్పితే చల్లవో చదవాలంటే కళ్లజోడు కావాలి. స్నానానికి కళ్లజోడు పెట్టుకుని ఎవరు వెళ్తారు? "ఒక్కసారిగా సలసలా కాగే నీళ్లు పడ్డాయిరా, పక్కకి తప్పుకోబోతే కాలు జారింది" అని మా అమ్మ చెప్పినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడ పడలేదు. పడి ఉంటే, విజిటర్ ఇన్సూరెన్సు మీద ఉన్న పెద్దావిడకి తుంటి ఆపరేషన్ ఖర్చంటే ఏమిటో ఈ దేశంలో తల్లిదండ్రుల్ని పెట్టుకుని ఉంటున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కొత్త హోటళ్లలో టబ్బులు తీసేసి నేల మట్టానికి షవర్లు పెడుతున్నారు, సంతోషం. కానీ తలుపులు కూడా తీసేస్తున్నారు. బాత్‌రూమ్‌కి గడియ లేని జారుడు తలుపు, కొన్నిచోట్ల గరుకు గాజు పలక. పక్కన రెండంగుళాల సందు. మామగారు, కోడలు, ఎదిగిన మనవరాలు ఒకే గదిలో సర్దుకునే ఇళ్లు మనవి. ఒకరు లోపలికి వెళ్తే మిగతావాళ్లు కారిడార్‌లోకి వచ్చి నిలబడటం ఎంత ఇబ్బందో ఆ గదిని గీసినవాళ్లకి తట్టి ఉండదు.

ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 2012 మార్చి 15 నుంచి అమల్లో ఉన్న బుకింగ్ నిబంధనలున్నాయి. అందరిలాగే అదే వేళల్లో, అదే పద్ధతిలో, వికలాంగులకి అనువైన గదిని బుక్ చేసుకోవచ్చు. ఆ గదిలో ఏమేం సౌకర్యాలున్నాయో హోటల్ తగినంత వివరంగా చెప్పాలి. ఒకసారి బుక్ చేశాక అదే గదిని మన పేరు మీద పక్కన పెట్టాలి. కర్ర పట్టుకుని నడిచే నాన్నగారికి, మెట్టు ఎక్కలేని అమ్మగారికి ఆ గది అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. అలాంటి వాళ్ల కోసమే అవి. అడగకపోతే, మిగతా గదులన్నీ నిండాక హోటల్ వాటిని ఎవరికైనా ఇచ్చేస్తుంది.

అయితే ఆ గదులు తక్కువ. ప్రస్తుత ప్రమాణాల ప్రకారం నాలుగు వందల గదుల హోటల్లో నడక ఇబ్బంది ఉన్నవాళ్లకి అనువైనవి కనీసం 12 ఉండాలి. అందులో చక్రాల కుర్చీతో నేరుగా లోపలికి వెళ్లే షవర్ ఉన్నవి 4. మన సంబరాలకి వచ్చే అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు ఎంతమందో ఒకసారి ముందు వరసల్ని చూస్తే తెలుస్తుంది. పన్నెండు గదులు ఏ మూలకి? కాబట్టి టబ్బు లేని షవర్ ఉన్న మామూలు గదులెన్ని ఉన్నాయో సంఘమే అడిగి, వాటిని పెద్దవాళ్లున్న కుటుంబాలకి కేటాయించాలి.

టీ నీళ్లకి కెటిల్ లేకపోవడం, శాకాహారులకి పొద్దున అరటిపండు, పెరుగు తప్ప దొరక్కపోవడం, బాత్‌రూమ్‌లో మగ్గు లేకపోవడం చిన్న విషయాలే. సంఘం రిజిస్ట్రేషన్ సంచిలో పెట్టే కాగితాలు నాలుగు తగ్గించి ఒక ప్లాస్టిక్ మగ్గు పెడితే పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా దీవిస్తారు.

కాంట్రాక్టు దగ్గరికి వద్దాం. సంఘం రూమ్ బ్లాక్, అంటే సభ్యుల కోసం ముందే పట్టి ఉంచే గదులు, తీసుకునేటప్పుడు హోటల్ పెట్టే ముఖ్యమైన షరతుని అట్రిషన్ అంటారు. ఉదాహరణకి 500 రూమ్ నైట్లకి (ఒక గది ఒక రాత్రికి తీసుకుంటే ఒక రూమ్ నైట్) ఒప్పుకుని, కనీసం 80 శాతం నింపుతామని రాశారనుకుందాం. అంటే 400. నిండినవి 350 అయితే తగ్గిన 50కి సంఘం తన జేబులోంచి కట్టాలి. కమిటీలోని మిత్రులకి నిద్ర పట్టనివ్వనిది ఇదే. అందుకే రేటు తగ్గించడం మీద, అట్రిషన్ శాతం మీద బేరమంతా అయిపోతుంది. దానికి బదులుగా హోటల్ కొన్ని వెసులుబాట్లు ఇస్తుంది. నలభైకో యాభైకో ఒక గది ఉచితం, రెండు మూడు సూట్లు, ముఖ్య అతిథులకి పెద్ద గదులు. ఇండియా నుంచి వచ్చే కళాకారుల్ని ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా, ఆ గదులు వద్దని నేననను. కానీ రేటు మీద బేరమాడే ఆ గంటలోనే ఇంకో నాలుగు మాటలు అడగొచ్చు. మన బ్లాక్‌లోని గదులకి రోజువారీ ఫీజు తీసేయమనొచ్చు. హోల్డ్ తగ్గించమనొచ్చు. ఆఖరి రాత్రి కచేరీ అర్ధరాత్రి దాటాక అవుతుంది కాబట్టి మర్నాడు ఒంటిగంట దాకా ఉండనివ్వమనొచ్చు. ఉచిత గదుల్లో ఒకటి రెండింటిని మొదటి రోజు పొద్దున్నుంచే తెరిచి, పెద్దవాళ్లు పడుకోవడానికి, మందులు ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి ఉంచొచ్చు. సమావేశాలు పెట్టే సంస్థలు ఇలాంటివి అడుగుతూనే ఉంటాయి, హోటళ్లు ఇస్తూనే ఉంటాయి.

ఓవర్‌బుకింగ్, అంటే ఉన్న గదులకన్నా ఎక్కువ బుకింగులు తీసుకోవడం, దాని గురించి కూడా రాసుకోవాలి. విమానంలో సీటు లేదంటే పరిహారం ఎంతో ఫెడరల్ నిబంధన చెబుతుంది. హోటల్ గది లేదంటే అలాంటిదేమీ లేదు. మామూలుగా వేరే హోటల్‌కి పంపి మొదటి రాత్రి డబ్బు వాళ్లే కడతారు, అది వాళ్ల ఆనవాయితీ. అర్ధరాత్రి పసిపిల్లలతో, ముసలివాళ్లతో వచ్చినవాళ్లని ఆనవాయితీకి వదిలేయకూడదు. మన బ్లాక్‌లోని పెద్దవాళ్లున్న కుటుంబాల్ని వేరే చోటికి పంపకూడదని, తప్పక ఎవరినైనా పంపితే రానూపోనూ క్యాబ్ ఖర్చు హోటలే పెట్టుకోవాలని ఒక్క వాక్యం చాలు.

ఇదంతా కమిటీల మీదే పెట్టి మనం చేతులు దులుపుకుంటే కుదరదు. బ్లాక్‌లో రెండు గదులు ఎందుకైనా మంచిదని పట్టి ఉంచి ఆఖరి వారంలో ఒకటి వదిలేసేవాళ్లం మనమే. పది డాలర్లు తక్కువని పక్క హోటల్లో దిగి, సంఘాన్ని అట్రిషన్‌కి బలిచేసేదీ మనమే. గదులు నింపి చూపించే సంఘానికే హోటల్ దగ్గర మాట చెల్లుతుంది.

మనవాళ్లలో హోటల్ వ్యాపారం తెలిసినవాళ్లు లేరా అంటే, కొదవ లేదు. ఏషియన్ అమెరికన్ హోటల్ ఓనర్స్ అసోసియేషన్ 1989లో అట్లాంటాలో మొదలైంది, ఈ దేశంలో 60 శాతం హోటళ్లు తమ సభ్యులవేనని ఆ సంఘం చెప్పుకుంటుంది. అందులో గుజరాతీలదే పెద్ద వాటా అయినా, ఈమధ్య తెలుగువాళ్లు కూడా ఈ వ్యాపారంలోకి బాగానే దిగారు. బోర్డు మీద పేరున్న కంపెనీకీ భవనం యజమానికీ తేడా ఏమిటో, ఏ షరతు ఎవరితో మాట్లాడాలో వాళ్లకి తెలుసు. అలాంటి ఒకరిద్దరిని కాంట్రాక్టు కమిటీలో కూర్చోబెట్టాలి.

వచ్చే సంబరాల హోటల్ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, అందులో సభ్యులకు సంబంధించిన షరతులన్నీ ఒక పేజీలో ఈ పత్రికలో వేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఫీజు ఉందా లేదా, హోల్డ్ ఎంత, పార్కింగ్ ఎంత, టబ్బు లేని గదులెన్ని, గదులు సిద్ధం కాకముందే వచ్చిన పెద్దవాళ్లు ఎక్కడ పడుకోవాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో భోజనం శాకాహారమా మాంసాహారమా అని అడిగే చోటే, మీతో మెట్లెక్కలేని వాళ్లు ఎవరైనా వస్తున్నారా అని ఇంకో గడి పెట్టండి.