సగం సగం చదివిన శుభలేఖ

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఈమధ్య మా కార్యాలయానికి ఒక శుభలేఖ వచ్చింది. పైన పసుపు బొట్లు, 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అని తెలుగులో మూడు మాటలు. ఆ కింద వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం, విందు వేళ అన్నీ ఇంగ్లీషులోనే. కార్డు ఇచ్చిన పెద్దాయన నవ్వుతూనే ఒక సంగతి చెప్పారు. పెళ్ళికూతురికి పైనున్న ఆ మూడు మాటలు చదవడం రాదట. వాళ్ళ నాయనమ్మకు ఆ మూడూ తప్ప మిగతావి రావట. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకునేది మాత్రం తెలుగే.

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్ళలో ఇదేమీ వింత కాదు. తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలోంచి జారిపోయింది. ఒడియా పెత్తనం వల్లే ఇలా అయిందని మన సభల్లో ఉపన్యాసాలు వింటూ ఉంటాం. మేం ఒప్పుకోం. 1936లో ఒడిశా ఏర్పడిన నాటి నుంచి ఇక్కడి తెలుగువాళ్ళు రెండు లిపులతోనూ నెట్టుకొస్తూనే ఉన్నారు. కచేరీలో ఒడియా, ఇంట్లో తెలుగు. పిల్లాణ్ణి తెలుగు బడిలో వెయ్యాలా, ఒడియా బడిలో వెయ్యాలా అని ప్రతి ఇంట్లోనూ వాదన నడిచేది. ఇప్పుడు ఆ వాదన లేదు. ఇంగ్లీషు మీడియంలో వేసేస్తున్నారు. రెండు పిల్లుల రొట్టె తగవు కోతి తీర్చినట్టయింది. తెలుగుకు 2008లో, ఒడియాకు 2014లో ప్రాచీన హోదా దక్కింది. అలాంటి రెండు భాషల మధ్య పెరుగుతూ ఒక్కదాన్నీ సరిగా చదవలేని పిల్లలు తయారవుతున్నారు. ఒడియా తల్లిదండ్రుల గోడూ ఇదే.

ఇంగ్లీషు మీద మాకు పగ లేదు. పర్లాకిమిడి గురించి రాస్తూ అలా అంటే కృతఘ్నత కూడా అవుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిది. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులోనే ఉంది. వ్యావహారిక భాషోద్యమానికి ఆయన నడుం కట్టడంలోనూ మాట్లాడే తెలుగూ పుస్తకాల తెలుగూ వేరెందుకని ఏట్స్ అనే ఆంగ్లేయ బడుల ఇన్‌స్పెక్టరు రేపిన సందేహం పాత్ర ఉంది. ఇంగ్లీషును ఆయన పనిముట్టులా వాడుకున్నారు. పిల్లాడికి మొదటి పాఠం మాత్రం వాడి నోట్లో ఉన్న మాటలోనే చెప్పాలన్నారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా దండలు వేస్తూనే ఉన్నాం.

తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. సూరత్ మరమగ్గాల మీద పదేళ్ళు నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న తండ్రి, తన కొడుకు అక్కడికి పోకూడదనుకుంటే అది తప్పా? 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లీషు మా మాతృభాష అని రాయించినవాళ్ళు దేశం మొత్తం మీద 2.6 లక్షల మందే. అయినా ఉద్యోగం తాళంచెవి దాని మొలకే వేలాడుతోందని ఆ తండ్రికి తెలుసు.

కానీ ఇంగ్లీషు బడికి కట్టే డబ్బుకు దక్కుతున్నదేమిటో చూడండి. రెండో తరగతి పిల్ల సాయంత్రం గచ్చు మీద కూర్చుని మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో ఇంగ్లీషులో గంటసేపు వల్లిస్తుంది. అర్థం అడిగితే బిక్కమొహం. అమ్మకు ఇంగ్లీషు రాదు, అందుకని ట్యూషన్. ట్యూషన్ మాస్టారు చేసేదేమిటయ్యా అంటే ఆ పాఠాన్నే తెలుగులో విడమరిచి చెప్పడం! ఫీజు ఇంగ్లీషుకు కడుతున్నాం, అర్థం తెలుగులో కొనుక్కుంటున్నాం.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. కనీసం ఐదో తరగతి దాకా వీలైనంతవరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానమూ అంటోంది. మరోవైపు, బోధన మాధ్యమంగా మాతృభాషను బలవంతంగా రుద్దడం కుదరదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. కాబట్టి ఇంగ్లీషు మీడియం బడులను మూయించమని మేం అడగడం లేదు. తెలుగు పిల్లలున్న ప్రతి బడిలో, ప్రైవేటువి సహా, ఐదో తరగతి దాకా రోజుకొక తెలుగు పీరియడు ఉండాలి. ఇంగ్లీషును కూడా అర్థం చెప్పి, మాట్లాడించి నేర్పాలి. తెలుగు మాస్టారు రిటైరైతే ఆ పోస్టును నింపాలి. ఒడిశా ప్రభుత్వం నుంచి మేం కోరేది ఇంతే.

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలకు మాత్రం ఇంకో మాట చెప్పాలి. సర్కారు బడుల్లో తెలుగు మీడియాన్ని ఎత్తేస్తూ 2019లో ఆంధ్రప్రదేశ్ జీవో ఇచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది. 2022లో తెలంగాణ కూడా సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. సొంత ఇంట్లో దీపం ఆర్పుకుంటూ పొరుగింటివాళ్ళను నూనె పొయ్యమంటే ఏ మొహంతో పోస్తారు? ముందు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. పర్లాకిమిడి బడులకు తెలుగు వాచకాలు కావాలి. ఆంధ్ర వైపు ఊరు పాతపట్నం పక్కనే ఉంది. దీనికి రెండు రాష్ట్రాల ఉన్నతస్థాయి కమిటీ అక్కర్లేదు, బడులు తెరిచే ముందు ఒక టెంపో పంపితే చాలు.