మందార అందమైతే బెండ కాదా?
వీధి వైపు పూలమొక్కలు పెట్టుకుని, చూడటానికి బాగుండని కూరమొక్కలను పెరట్లోకి నెట్టమని ఒక వ్యాసంలో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. మందార అందమైనదైతే దాని కుటుంబానికే చెందిన బెండ ఎందుకు కాదు? లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు. కాకపోతే పొద్దున్నే చూడాలి, మధ్యాహ్నానికి వాడిపోతుంది. మా గేటు పక్క కమ్మీలకు ఎర్ర తీగబచ్చలి పాకించి నాలుగేళ్లయింది. కాడ వంకాయ రంగు, ఆకు నూనె రాసినట్టు నిగనిగ. కూరకు కోస్తే మొక్క బోసిపోతుందని ఆ వ్యాసంలో రాశారు గానీ, బచ్చలి కొసలు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. పండిన కాయ నలిపితే వేళ్లకు ఊదారంగు సిరా. వీధిలో పిల్లలు మా గేటు దగ్గర ఆగేది అందుకే. ఇక పొట్లపాదు. చీకటి పడే వేళకు విచ్చుకునే ఆ తెల్లపూల అంచులు దారప్పోగుల్లా ఉంటాయి. కాయ వంకర పోకుండా కొసకు రాయి కట్టి వేలాడదీస్తే, వచ్చినవాళ్లు కాఫీ కంటే ముందు దాని సంగతే అడుగుతారు. ఒక్కటి ఒప్పుకుంటాను: చిక్కుడుకు పేనుబంక అనే రసం పీల్చే సన్న పురుగు పట్టినప్పుడు ఆ నల్లటి కొసలను చూడబుద్ధి కాదు. అందుకే దాన్ని మాత్రం పెరట్లోనే ఉంచాను.