ఉద్దానం లెక్కలు జనం ముందు పెట్టండి

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింతగా వస్తోందో దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా, ఇదీ కారణమని గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే పథకమూ వచ్చింది. మరి ఆ నీళ్లు అందిన ఊళ్లలో కొత్త కేసులు తగ్గుతున్నాయా? ఆ ఊళ్లో చదువుకున్న పిల్లవాడు ఎవరినీ బతిమాలకుండా తానే లెక్క చూసుకోగలగాలి. ఇవాళ ఆ వీలు లేదు.

లెక్కలు లేక కాదు. నీటి పరీక్షలు ఒక శాఖవి, భూగర్భ జలమట్టం ఇంకో శాఖది. డయాలసిస్ రిజిస్టర్లు ఆసుపత్రుల్లో, పింఛన్ల జాబితాలు సచివాలయాల్లో ఉంటాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడబోతే మొదలవుతాయి తిప్పలు.

ఈమధ్య ఒక కథనం కోసం మండలాలవారీ అంకెలు అడిగితే, ఒక కార్యాలయం నుంచి మాకు చాలా రోజులకు ఫోన్‌లో తీసిన కాగితాల ఫొటోలు వచ్చాయి. మా డెస్క్‌లో ఒక్కో అంకె చూసి టైప్ చేసుకున్నాం. ఇంకోచోట పీడీఎఫ్ దొరికింది, కానీ అది పాత తెలుగు ఫాంట్‌లో ఉంది. కాపీ చేస్తే అర్థంలేని గుర్తులే మిగిలాయి. ఊరి పేర్ల ఇంగ్లిష్ స్పెల్లింగులూ జాబితాకో తీరు. ఒక అక్షరం అటూ ఇటూ అయితే కంప్యూటర్‌కు అది వేరే ఊరు. ప్రతి గ్రామానికీ కేంద్రం కోడ్ నంబరు ఇచ్చింది. పేరు పక్కన ఆ నంబరు వేస్తే ఈ బాధ ఉండదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చిక్కు ఇంకా ముదిరింది. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. 38 మండలాల శ్రీకాకుళం 30కి వచ్చింది. 2021 అంకె పక్కన 2023 అంకె పెడితే జిల్లాలో ఏదైనా తగ్గినట్టే కనబడుతుంది. నిజానికి తగ్గినవి మండలాలు. 2011 జనగణన చెప్పిన 27,03,114 మంది కూడా ఆ పాత జిల్లా జనమే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడడంతో చేతిలో ఉన్నది ఇప్పటికీ ఆ పాత అంకే.

అడగకముందే సమాచారం బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ప్రజాధనంతో సేకరించిన, గోప్యం కాని డేటాను అందరికీ ఇవ్వాలని 2012లో కేంద్రం ఒక విధానం తెచ్చింది, దానికోసం వెబ్‌సైటూ పెట్టింది. అయినా ఒక మండలం లెక్క కోసం దరఖాస్తు పెట్టి 30 రోజులు ఎదురుచూడడం మామూలైపోయింది. డేటా చేతికొచ్చేసరికి విద్యార్థి ప్రాజెక్టు గడువు దాటిపోతుంది.

రోగుల వివరాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. చిన్న ఊళ్లో ముగ్గురే రోగులుంటే పేరు తీసేసినా ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇంటికి అది చిన్న విషయం కాదు. అలాంటిచోట నాలుగైదు ఊళ్లు కలిపి ఒకే అంకె ఇవ్వాలి. నీటి పరీక్షల ఫలితాలకు మాత్రం ఈ అడ్డంకి లేదు. బోరుకు పరువు సమస్య ఉండదు కదా, వాటిని ఊరివారీగా, తేదీతో సహా వెంటనే పెట్టవచ్చు.

మూడు జిల్లాల కలెక్టర్లను మేం కోరేది ముందుగా ఒక్క పట్టిక. 2022కు ముందు ఏ గ్రామం ఏ జిల్లాలో ఉంది, ఇప్పుడు ఎక్కడుంది, దాని కోడ్ ఏమిటి అన్నది ఎక్సెల్‌లో, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇవ్వండి. దీనికి కొత్త సర్వే అక్కర్లేదు, సమాచారం మీ కార్యాలయాల్లోనే ఉంది. ఆ వెంటనే ఉద్దానం నీటి పరీక్షలు పెట్టండి.