గోత్రం గడి ఖాళీగా వదలరాదు

నోబెల్ వాళ్ళ కంట ఎందుకు పడలేదో గానీ, పరిశోధనలో మనవాళ్ళకి సాటి లేదు. ప్రయోగశాల అక్కర్లేదు, రైల్లో కిటికీ పక్క సీటు చాలు. “ఏ ఊరండీ?”తో మొదలెట్టి, “ఎవరి తాలూకు?” మీదుగా, గొంతు తగ్గించి “మీరేవుట్లు?” దాకా వచ్చేసరికి రైలు ఘట్‌కేసర్ కూడా దాటదు.

మొన్న ఈ శాస్త్రవేత్తలకి అరుదైన నమూనా దొరికింది. మా తమ్ముడి స్నేహితురాలు స్వీడన్ నుంచి వచ్చింది. 2000లో అయిదు నెలల పసిగుడ్డుగా ఇక్కణ్ణుంచే దత్తత వెళ్ళింది. చూస్తే మన పక్కింటి పిల్ల. నోరు విప్పితే స్వీడిష్. దుబాసీని నేను.

“తెలుగు రాదా? అమ్మానాన్నా నేర్పలేదా?” అన్నాడు ఆటో అతను. వాళ్ళకీ రాదన్నాను. ఆటో ఆగిపోయింది.

గుడికి తీసుకెళ్ళడం మాత్రం అచ్చంగా నా తప్పే. అర్చన టికెట్టు కొన్నాను.

“గోత్రం?”

“లేదండీ.”

“లేదా, తెలీదా?”

చెప్పాను. పంతులుగారి మొహం వెలిగింది. “దత్తతకి శాస్త్రం ఉందిగా! పెంచిన తండ్రి గోత్రమే వర్తిస్తుంది. వారిదేమిటి?”

“వాళ్ళది లూథరన్ చర్చి అండీ.”

“కాశ్యప వేసేద్దాం. నక్షత్రం?”

కాగితాల్లో పుట్టినరోజు డాక్టరు అంచనాకి వేసిందన్నాను. ఈలోగా వెనక క్యూ సదస్సుగా మారింది. కళ్ళు చూస్తే కోనసీమ అని ఒకావిడ, నుదురు చూస్తే పాలమూరు అని ఇంకొకావిడ. డీఎన్‌ఏ పరీక్షకి ఉమ్మి పంపితే చెప్పేస్తారనీ, తన అల్లుడికి నాలుగు శాతం ఇరానీ అని వచ్చిందనీ మూడో ఆవిడ. కొబ్బరికాయ చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఇంగ్లీషులో నేరుగా ఆ పిల్లనే అడిగాడు: “ఎంతకి కొన్నారట?”

ఆమె నవ్వి, నాకేసి తిరిగి, ఆయన పుట్టింది నార్మలా, సిజేరియనా అడగమంది. నా సంస్కారం ఒక్క క్షణం అడ్డొచ్చింది. అయినా తర్జుమా చేసేశాను.

“ఇదేం ప్రశ్నండీ! పర్సనల్ కదా!” అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

ఎంతకని అడిగారు కదా పెద్దమనిషీ, వినండి. 1999లో ఒకసారి, 2001లో మళ్ళీ, ఈ హైదరాబాద్‌లోనే దత్తత సంస్థల మీద కేసులు పడ్డాయి. నల్గొండ లంబాడా తండాల్లో ఆడపిల్ల పుట్టిన గుడిసె వెతుక్కుంటూ దళారులు వెళ్ళేవాళ్ళు. ఆకలి మీదున్న తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి, బిడ్డను వదులుకున్నట్టు కాగితం రాయించుకునేవాళ్ళు. 2001లో బిడ్డను అలా రాసిచ్చే పద్ధతినే ప్రభుత్వం నిషేధించాల్సొచ్చింది. ఆ రేటు తెలిసింది దళారికి. కాగితం నింపినవాడికి. అప్పుడు మీరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు, పేపరూ చదివారు. ఒక్కణ్ణి నిలదీశారా? “మీ అమ్మ ఎందుకు వదిలేసిందమ్మా” అని అడగడానికి మీకు దొరికింది ఆ రోజు ఊయల్లో ఉన్న పిల్లా? ఈమె ఆ తండాల పిల్లో కాదో ఆమెకే తెలీదు. తెలియకపోవడమే ఆమె బాధ. దాన్ని తెచ్చి మీ కాలక్షేపానికి పల్లీల్లా పంచాలా?

చట్టం మాత్రం మా చెడ్డ మర్యాదస్తురాలు. దత్తత వెళ్ళినవాళ్ళు పద్దెనిమిదేళ్ళు దాటాక తమ మూలాలు తామే వెతుక్కోవచ్చు, మూడో మనిషికి అనుమతి లేదంటుంది. ఆటోలో, క్యూలో, పెళ్ళి పంక్తిలో మాకు తగిలినవాళ్ళంతా మూడో మనుషులే. ఆ హక్కున్న ఒకే ఒక్క మనిషి మర్నాడు తన ఫైలు అడగడానికి దత్తతల ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఊరూ అడగలేదు, పేరూ సరిగ్గా అడగలేదు. ఈమెని దత్తత పంపిన సంస్థ ఎప్పుడో మూతపడింది, ఫైలు లేదు, అంతే. మేం లేచి గుమ్మం దాటుతుంటే, బీరువా పక్కనున్నాయన మాత్రం ఉండబట్టలేక పిలిచాడు.

“అమ్మా, స్వీడన్‌లో జీతం ఏ మాత్రం వస్తుందేం?”