నరం ఎక్కింది, ఒక్కసారి గుంజితే సరి!

కాళోజీ పేరుతో ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే పెట్టడం వెనుక ఏదో దూరదృష్టి ఉండి ఉంటుంది. అందులో సీటు కోసం కష్టపడే ఓపిక లేనివాళ్లంతా పొద్దున్నే గ్రౌండ్‌కు వచ్చి వాకింగ్ ట్రాక్ మీదే ప్రాక్టీస్ పెట్టుకున్నారు. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. పేషెంట్ కిందపడితే చాలు.

మొన్న హన్మకొండలో ఓ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడుతున్న పిల్లాడు నెట్ దగ్గర ఎగిరి, పక్కవాడి పాదం మీద దిగాడు. చీలమండ లోపలికి మడత పడింది. బంతి ఇంకా దొర్లుతూనే ఉంది, ఇక్కడ వైద్య మండలి కోరం పూర్తయింది. అధ్యక్షులవారు రిటైర్డ్ ఉద్యోగి, చెవులకు మఫ్లర్. వంగి కూడా చూడకుండానే తేల్చేశారు.

"ఏం లేదు తమ్మీ, నరం మీద నరం ఎక్కింది. ఒక్కసారి గుంజితే సరి."

"బొక్క ఇరిగిందేమో సార్" అన్నాడు ఓ కుర్ర సభ్యుడు.

"బొక్క ఇరిగితే అరుస్తరు. ఈడు అరుస్తున్నడా?"

అరవడం లేదు, నిజమే. పళ్లు బిగపట్టుకుని ఉన్నాడు. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు, ఒకాయన బొటనవేలు పట్టి గుంజాడు. గేటు అవతల ఆటో కోసం నిలబడ్డవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు పిల్లాడు. అధ్యక్షులవారు తృప్తిగా తలూపారు. "సూసిన్రా, దిగింది నరం!"

తర్వాత బామ్ వచ్చింది. ఇటుక పొడి రాల్చినట్టు అరచేత్తో రుద్దారు. ఉప్పు కాపడం మీద చర్చ జరిగింది. ఎవరో ఐస్ అన్నారు. జలుబు చేస్తుందని ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు. చివరికి, కూర్చుంటే కాలు పట్టేస్తుందని ఏకగ్రీవంగా తీర్మానించి, రెండు రెక్కలూ పట్టుకుని ట్రాక్ మీద ఊరేగించారు. షూ విప్పేసరికి చీలమండ బయటివైపు ఎముక కనిపించడమే లేదు, అంత వాపు.

ఎముక సంగతి తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒటావా డాక్టర్లు ఓ సులువైన పద్ధతి చెప్పారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల చివర, వెనక అంచు మీద నొక్కితే నొప్పి పుట్టినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నాలుగడుగులు, అదీ తనంతట తాను. పాపం వాళ్లకు మన మండలి గురించి తెలియదు. తెలిస్తే అంత కష్టపడేవాళ్లు కాదు. బెణికిన తొలి రెండు మూడు రోజులు గట్టిగా రుద్దినా, వేడి పెట్టినా వాపు ఇంకా పెరుగుతుందని కూడా డాక్టర్లే అంటారు. వాళ్ల మాటకేం గానీ.

రెస్ట్, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టుకోవడం అనే ఫార్ములాను 1978లో తన పుస్తకంలో రాసింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్. నొప్పి తగ్గించే ఐసే గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చని 2014లో తనే ఒప్పుకుని వెనక్కి తగ్గాడు. మన మండలి మాత్రం ఇంతవరకు ఒక్క తీర్మానాన్ని కూడా వెనక్కి తీసుకోలేదు.

చీలమండ సరే, ఎట్లనో మానుతుంది. మోకాలి సంగతి వేరు. కబడ్డీలో రైడర్ ఉరుకుతూ ఉరుకుతూ చటుక్కున మలుపు తిరిగినప్పుడు లోపల 'టప్' మని తెగేది ఏసీఎల్, అంటే మోకాలి దగ్గర ఎముకలను కలిపి పట్టే ఓ లిగమెంట్. అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ దెబ్బ ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక కూడా మళ్లీ ఆటకు కనీసం 9 నెలలు ఆగాలి. ఆగడమంటే మంచం మీద పడుకోవడం కాదు, రోజూ తొడ కండరాలకు వ్యాయామం. దెబ్బ తగిలిన కాలు రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి వచ్చేదాకా ఫిజియో వదలకూడదు. నర్సంపేట అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చే అమ్మాయికి ఏ ఫిజియో దొరుకుతాడు? "రెస్ట్ తీస్కో బిడ్డా" అంటారు. ఎన్నాళ్లు? తర్వాతి టోర్నమెంట్ దాకా. వాపు తగ్గగానే ఆడిస్తారు, మోకాలు మళ్లీ జారుతుంది, ఈసారి కీలు లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా పోతుంది. అప్పుడు "నొప్పికి ఓర్చుకున్నోళ్లే ప్లేయర్లయితరు" అని క్లాసు. సిగ్గుండాలి ఆ మాట అనడానికి! పదహారేళ్ల పిల్ల మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటుంటే, ఓర్పు లేదంటారా?

మన వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెస్తే మన బిడ్డ అని గర్వంగా చెప్పుకున్నాం. చెప్పుకోవాలి కూడా. మరి మోకాలి దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎవరి బిడ్డలు?

పోలీసు ఉద్యోగాల కోసం ఉరికే కుర్రాళ్లను చూడండి. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. అడుగు అరిగిపోయిన షూతో సిమెంట్ రోడ్డు మీద ఉరికి ఉరికి ముంగాలి ఎముక పొడుగునా నొప్పి తెచ్చుకుంటారు. పట్టించుకోకపోతే అదే ఎముకలో సన్న పగులవుతుంది. తగ్గేదాకా ఉరకొద్దని చెప్పే మనిషి గ్రౌండ్‌లో ఉండడు. మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ మాత్రం దొరుకుతుంది.

ఈమధ్య ఓ కబడ్డీ టోర్నమెంట్‌కు పోయాను. ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు లెక్కపెట్టలేనన్ని, ప్లేయర్లది ఒక్కటీ లేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ శాలువా, ఆ శాలువా కప్పినాయనకు ఇంకో శాలువా. ఫస్ట్ ఎయిడ్ ఏదన్నా అని నిర్వాహకుణ్ని అడిగితే, ఎందుకు లేదు సార్ అని నొచ్చుకుని బల్ల కింది నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో అయోడిన్ సీసా, దూది ఉండ, మూత లేని ఆయింట్‌మెంట్ ట్యూబు. ఐస్ ఉందట, వీఐపీల కూల్‌డ్రింకుల్లో. అంబులెన్స్ సంగతి అడిగితే, ఫోన్ చేస్తే వస్తది కదా అన్నాడు. డీజేకు మాత్రం, కరెంటు పోతే పాట ఆగకూడదని, పక్కనే జనరేటర్ తెచ్చి పెట్టారు.