అభయమిచ్చిన రేవుకు దారి చూపండి

కార్తీక మాసం వస్తే వాడరేవు, రామాపురం, సూర్యలంక తీరాలు జనంతో కిటకిటలాడతాయి. సముద్ర స్నానం చేసి, తెచ్చుకున్న పులిహోర తిని, ఫొటోలు దిగి సాయంత్రానికి అందరూ తిరుగుముఖం పడతారు. అదే తీరం వెంట ఇంకాస్త దక్షిణానికి వెళ్తే బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. ఆ ఊరి పేరు బడిలో చదువుకున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. వెళ్లి చూసినవాళ్లు మన చుట్టుపక్కల ఎందరున్నారో ఒక్కసారి అడిగి చూడండి.

ఇది కాకతీయుల రేవు. ఇక్కడి వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ రాతి మీదే రాసి ఉంది. తాము అలా చేయబోమని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాజు మాట ఇచ్చాడు. వచ్చే సరుకుకైనా, పోయే సరుకుకైనా సుంకం ముప్పయ్యో వంతే. ఆపై గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పగడాలు, మిరియాలు ఇలా ఒక్కో సరుకుకూ లెక్క. ప్రాణం కన్నా సొమ్మే ముఖ్యమని తలచి సముద్రానికి తెగించి వచ్చేవారి మీద దయతో ఈ ఏర్పాటు చేశామంటాడు. ఓడ పగిలి సర్వం పోగొట్టుకున్న పరాయివాడి దుఃఖాన్ని ఒక రాజు పట్టించుకున్నాడు! 1977 ఉప్పెనను చూసిన ఈ కోస్తాకు ఆ మాట విలువ వేరే చెప్పాలా?

ఆ భరోసా ఒక్క రాజుతో ఆగలేదు. కాకతీయుల పాలన ముగిశాక 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇక్కడే వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని 'ముత్ఫిలి' అన్నాడు. ఇక్కడి రాణి న్యాయాన్ని మెచ్చుకున్నాడు. రుద్రమదేవిని గణపతిదేవుడి భార్యగా పొరబడ్డాడు గానీ, బట్టల విషయంలో మాత్రం ఆయన కన్ను పొరబడలేదు. సాలెగూడంత పలుచని నేత అని రాశాడు. పక్కనే ఉన్న చీరాలలో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. మోటుపల్లి చూసి చీరాలలో ఒక చీర కొనుక్కుంటే ఆ ప్రయాణం ఎంత నిండుగా ఉంటుంది!

ప్రభుత్వాన్ని మేము అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. రిసార్టులు, లైటింగ్ షోలు వద్దు. పాత లిపి అందరూ చదవలేరు కాబట్టి శాసనం పూర్తి పాఠం నేటి తెలుగులో, పిల్లలకు కూడా అర్థమయ్యేలా, ఆలయం దగ్గర పెద్ద అక్షరాలతో ఉండాలి. హైవే మీద నుంచే దారి చూపే బోర్డులు ఉండాలి. నీడ, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. శాసనం చదివి వివరించేలా ఊరి యువతకు శిక్షణ ఇచ్చి, జీతం ఇవ్వాలి. రాతి మీద పసుపు, సున్నం పడకుండా, ఎవరూ పేర్లు చెక్కకుండా కాపలా పెట్టాలి. ఉప్పుగాలి తగిలే చోట రాయి త్వరగా అరుగుతుంది. ఆలస్యమైతే అక్షరాలు దక్కవు.

బడుల విహారయాత్రల్లో ఈ ఏడాది నుంచే మోటుపల్లిని చేర్చాలి. దారిలోనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, పిల్లలకు అదీ చూపించవచ్చు. పొద్దున బయల్దేరితే చీకటి పడేలోపు రెండూ చూసి ఇంటికి చేరుకోవచ్చు.