మహారాజశ్రీ మెయిన్ థ్రెడ్ గారికి

మహారాజశ్రీ మెయిన్ థ్రెడ్ గారి దివ్య సముఖమునకు, ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుకునే ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, సిమ్యులేటర్ పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా నడిపించే ప్రధాన పనివరుస తమరే. నా కంప్యూటర్ ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు (ఒక్కోటీ విడిగా లెక్కలు చేయగల భాగం) ఉన్నాయి. ఎనిమిదీ డబ్బు పోసి కొన్నవే. తమరు మాత్రం అందులో ఒక్కదాని మీద కొలువుదీరి, రెక్కల కింద గాలి లెక్క దగ్గర్నుంచి కాక్‌పిట్‌లో ఏ చిన్న దీపం వెలగాలన్నదాని వరకు అన్నీ నేనే చూస్తానంటారు. మిగతా ఏడు కోర్లూ మీ సంతకం కోసం వరండాలో నిలబడ్డ గుమస్తాల్లా ఎదురుచూస్తుంటాయి. పక్కనే, పెట్టెలో సగం చోటు ఆక్రమించుకుని, మూడు ఫ్యాన్లతో దర్జాగా కూర్చున్న గ్రాఫిక్స్ కార్డు గోళ్లు గిల్లుకుంటూ ఉంటుంది.

మీ గొప్పతనం ఏమిటంటే, ఇంత చేస్తూ కూడా దొరకరు. ఒక్కో కోర్ రెండేసి పనివరుసలు (థ్రెడ్లు) నడిపే పదహారు థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా మునిగిపోయినా, ప్రాసెసర్ మీద భారం ఎంతో చూపే టాస్క్ మేనేజర్ లెక్కలో అది 6.25 శాతమే. తక్కినవాళ్లు చేసే చిల్లర పని కలిపినా మొత్తం అంకె భయపెట్టేంత ఉండదు. పైగా విండోస్ మిమ్మల్ని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి బదిలీ చేస్తూ ఉంటుంది కాబట్టి ఏ ఒక్క గ్రాఫూ నిండుగా కనిపించదు. అది చూసినవాడు ఏమనుకుంటాడు? "ప్రాసెసర్ ఖాళీగానే ఉందిగా, లోపమంతా కార్డుదే" అని తేల్చేసి ఇంకా పెద్ద కార్డు తెచ్చి బిగిస్తాడు. ఆ కొత్త కార్డు పాతదానికన్నా వేగంగా పని ముగించి, పాతదానికన్నా ఎక్కువసేపు గోళ్లు గిల్లుకుంటుంది.

లెక్క పెద్ద కష్టమైనదేం కాదు. తెర మీద సెకనుకు 60 ఫ్రేమ్‌లు (బొమ్మలు) కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. తమరు ఒక ఫ్రేమ్ లెక్క తేల్చడానికి 40 మిల్లీసెకన్లు తీసుకున్నారనుకుందాం. కార్డు దాన్ని 12లో గీసి పారేస్తుంది. తర్వాత 28 మిల్లీసెకన్లు తమరి ఫైలు కోసం పడిగాపులు. తెర మీద కనిపించేది 25 ఫ్రేమ్‌లే. కార్డును ఇంకో రెండింతలు వేగవంతమైనది పెట్టండి, 12 కాస్తా 6 అవుతుంది, తెర మీద మళ్లీ అదే 25. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లో చూపే) ప్యానెల్ తెరిస్తే "లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్" అని మీ పేరు రాసి మరీ చూపిస్తుంది. ఏ సంస్థలోనైనా జాప్యానికి కారకుడి పేరు ఇంత బాహాటంగా బోర్డు మీద పెడతారా? మీరు దాన్ని బిరుదు అనుకుంటున్నట్టున్నారు.

సముద్రం మీద 35,000 అడుగుల ఎత్తులో మీరు బంగారం. అసలు గొడవంతా దిగేటప్పుడే. లండనో న్యూయార్కో అనుకోండి. ఫొటోల నుంచి కట్టిన భవనాలు వేలకు వేలు ముందుకొస్తున్నాయి. టాక్సీవేల మీద సిమ్ నడిపే విమానాలు, వాటి చుట్టూ సామాన్ల బళ్లు. కాక్‌పిట్‌లో ఆరు తెరలు, ఒక్కోటి ఒక్కో వెబ్ పేజీలాంటిది, జావాస్క్రిప్ట్ మీద నడుస్తుంది. ఆటోపైలట్ ఒక పక్క అడుగుతుంటుంది, వాతావరణం ఇంకో పక్క. ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ అని విమానం ఎత్తు చదువుతోంది. ముక్కు కాస్త పైకెత్తాల్సిన క్షణం అదే. సరిగ్గా అప్పుడే తమరికి ఎక్కడో పార్కింగ్‌లో ఉన్న బండి గుర్తొస్తుంది. తెర బిగుసుకుపోతుంది. తర్వాతి ఫ్రేమ్ వచ్చేసరికి విమానం రన్‌వే మీద ఉంటుంది, ఎలా దిగిందన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ పెత్తనం మీకు వారసత్వంగా వచ్చిందని ఒప్పుకుంటాను. 1982లో మైక్రోసాఫ్ట్ మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు ఐబీఎం పీసీలో ఉన్నది 4.77 మెగాహెర్ట్జ్ 8088 ప్రాసెసర్. విమానాన్ని ఎగరేసిందీ అదే, నేలనీ భవనాలనీ గీతలుగా లెక్కేసిందీ అదే. కార్డు పని దాన్ని తెరకు చేర్చడం వరకే. అప్పుడు మీరు తప్ప ఎవరున్నారు కనుక! 2006లో మైక్రోసాఫ్ట్‌దే ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) నాటికి రెండు కోర్ల ప్రాసెసర్లు ఇళ్లలోకి వచ్చేశాయి, ఆ సిమ్ మాత్రం ఇంకా ఒంటి కోర్ వేగం మీదే ఆశ పెట్టుకుంది. మరుసటి ఏడాది సర్వీస్ ప్యాక్ 1 వచ్చాకే భూమి టెక్స్చర్లు (నేల మీద పరిచే బొమ్మలు) తయారుచేసే పని పక్క కోర్లకు అందింది. 2020లో డైరెక్ట్‌ఎక్స్ 11 (సిమ్ నుంచి కార్డుకు పని అందించే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్)తో వచ్చిన మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్‌లోనూ తంతు అదే. గీయాల్సినవాటి జాబితా కార్డుకు అప్పజెప్పడమే ఒక పెద్ద చాకిరీ. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ వాళ్లు అదే ఏడాది 11.50 వెర్షన్‌లో ఓపెన్‌జీఎల్ అనే పాత మధ్యవర్తి భారాన్ని దించి వల్కన్ అనే కొత్తదానికి మారారు. యుద్ధవిమానాల సిమ్ డీసీఎస్ వాళ్లు 2023లో పనిని వేరే థ్రెడ్లకు పంచారు. 2024లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్‌లోనూ పంపకాలు మెరుగయ్యాయి. ప్రతిసారీ మీ బల్ల మీది ఫైళ్లు కొన్ని పక్కకు వెళ్లాయి. ఖాళీ అయిన చోటులోకి అంతకన్నా బరువైన విమానాలూ సీనరీలూ తెచ్చి మేమే పెట్టాం, అది వేరే విషయం.

అన్ని పనులూ పంచలేమన్నది నిజమే. విమానం ఎక్కడుందో తెలిస్తేనే ఆటోపైలట్ ఏం చేయాలో తేలుతుంది, అది తేలాకే గేజ్‌లో ముల్లు కదులుతుంది, ఆ తర్వాతే కెమెరా. కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పారు: పనిలో సగం వరుసగానే జరగాల్సి వస్తే, ఎన్ని కోర్లు పెట్టినా వేగం రెండింతలు దాటదు. అందుకే పదహారు కోర్ల ప్రాసెసర్ తెచ్చి మీకు కానుకగా ఇచ్చినవాడికి మీరు ఎనిమిది కోర్ల ముఖమే చూపిస్తారు.

మిమ్మల్ని మంచి చేసుకునే దారి ఒకటి 2022లో కనబడింది. ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ 5800ఎక్స్3డీ అనే ప్రాసెసర్ తెచ్చింది. దాని అన్న 5800ఎక్స్ 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తే ఇది 4.5 దగ్గరే ఆగుతుంది. కాగితం మీద తమ్ముడే నెమ్మది. కానీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) అన్నకు 32 మెగాబైట్లయితే దీనికి 96. సిమ్‌లో తమరు అడిగే సమాచారం ఒక చోట ఉండదు కదా, ప్రతిదానికీ ర్యామ్ దాకా మనిషిని పంపి కూర్చోవడం మీ అలవాటు. చేతికందే దూరంలో పెద్ద బీరువా పెట్టగానే మీ చిరాకు సగం తగ్గింది. దీన్ని బట్టి నాకు అర్థమైంది, ఇన్నాళ్లూ మీరు లెక్కలు చేస్తున్నారని మేం అనుకున్న సమయంలో చాలా భాగం ఎదురుచూస్తూ గడిపారని. కార్డుకూ మీకూ ఆ విషయంలో తేడా లేదన్నమాట.

కార్డును వెనకేసుకొస్తున్నానని కోప్పడకండి. 4కే తెర మీద, మేఘాలు అల్ట్రాలో పెట్టినప్పుడు, నెత్తిన వీఆర్ హెడ్‌సెట్ ఉన్నప్పుడు దానికీ చెమటలు పడతాయి. వీడియో మెమరీ చాలకపోతే మీకన్నా ఘోరంగా నత్తి కొడుతుంది. ఎవరిది తప్పో తేల్చడానికి పంచాయితీ అక్కర్లేదు, రెండర్ స్కేలింగ్ (కార్డు గీసే బొమ్మ రిజల్యూషన్) సగానికి తగ్గిస్తే చాలు. ఫ్రేమ్‌లు పెరిగితే కార్డు దోషి, కదలకపోతే తమరు. అయినా "సిమ్‌కి ఏ కార్డు బాగుంటుంది" అని అడిగేవాళ్లే అందరూ. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, సూర్యాస్తమయం బాగుందన్న పొగడ్త కార్డుకు వెళ్తుంది, విమానం ఊగిందన్న తిట్టు మాత్రం ఎవరికి తగలాలో తెలియక గాల్లో తిరుగుతుంటుంది.

కాబట్టి నా వైపు నుంచి కొన్ని రాయితీలు ఇస్తున్నాను. దూరపు నేల ఎంత వివరంగా కనబడాలో చెప్పే టెరైన్ ఎల్‌ఓడీ స్లైడర్‌ను 200 నుంచి 100కి దించుతున్నాను. దూరపు కొండలు కాస్త మొద్దుబారతాయి, ఫర్వాలేదు. కాక్‌పిట్ తెరల రిఫ్రెష్ రేట్ తగ్గిస్తున్నాను. విమానాశ్రయంలో సామాన్ల బళ్లను దాదాపు ఇంటికి పంపేశాను. బదులుగా నేను అడిగేది ఒక్కటే: ఆఖరి 50 అడుగుల్లో కొత్త ఫైలేదీ తెరవకండి.

ఇట్లు,
తమ అనుగ్రహం మీద ఎగిరే
ఒక పైలట్

తా.క. కార్డు ఈమధ్య ఫ్రేమ్ జనరేషన్ అనే విద్య నేర్చింది. మీరిచ్చిన రెండు ఫ్రేమ్‌ల మధ్య ఇంకోటి తనే ఊహించి గీసేసి, 30ని దాదాపు 60గా చూపిస్తోంది. ఇందులో మీ సంతకం లేదు. కానీ కంగారు పడకండి, నేను జాయ్‌స్టిక్ కదిపితే జవాబు ఇప్పటికీ మీ నుంచే రావాలి, అదీ మీకు తీరికైనప్పుడే.